ఎ, పి, డబ్ల్యూ ఉన్న మాటలు

జులేఖా గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేవాళ్లుంటే ఇంత ఆలస్యం చేసేదాన్ని కాదు. తాండూరులో ఆమె పేరు చెబితే ఇప్పుడు ఎవరికీ గుర్తు రాదు. నాపరాళ్ల కోత మిషన్ల దగ్గర దుమ్ము ఊడ్చే ఆడవాళ్లలో ఒకతె, అంతే. కానీ ఆ మనిషి ఒకప్పుడు నిమిషానికి ముప్పై అయిదు ఇంగ్లీషు మాటలు ఒక్క తప్పు లేకుండా టైపు కొట్టేది. ఆ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ మొహియుద్దీన్ సారూ. ఇద్దరం నోరు మూసుకున్నవాళ్లమే.

మొదలు సార్ సంగతి చెప్పాలి. నిజాం జమానాలో ఆయన ఉర్దూ కాగితాలకు నకళ్లు రాసే గుమాస్తా. ముత్యాల్లాంటి చేతిరాత అని పేరు. ఆఫీసుల్లో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చాక ఆ ముత్యాలు ఎవరికీ అక్కర లేకపోయాయి. నలభై దాటిన వయసులో హైదరాబాద్ పోయి, పిల్లల మధ్య కూర్చుని టైపు నేర్చుకుని వచ్చాడు. అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలకు బడులూ కాలేజీలూ నెలల తరబడి మూతపడితే, స్టేషన్ దగ్గర ఒక పప్పుల దుకాణం వెనక గదిలో మూడు పాత మిషన్లు పెట్టి ఇన్‌స్టిట్యూట్ తెరిచాడు. చదువు ఎట్లాగూ పోయింది, చేతికి పనన్నా వస్తుందని తల్లిదండ్రులు పిల్లలను అక్కడికి తోలారు. గదిలో ఎప్పుడూ కందిపప్పు వాసన, మిషన్ నూనె వాసన కలిసి ఉండేవి.

ఆయనవి మూడు షరతులు. కీల వైపు చూడకూడదు. కొట్టే మాటకు అర్థం వెతకకూడదు. మిషన్‌ను తిట్టకూడదు. ఈ మూడోది మరీ గట్టిది. ఎవరైనా నోరు జారి కీ సరిగ్గా పడటం లేదన్నారా, వాళ్ల పని అయిపోయినట్టే.

"ఆడరానోడు మద్దెల ఓడన్నడట. నీ అసుంటోడే వాడు," అని అందరి ముందూ పరువు తీసేవాడు. "మిషన్ల తప్పుండదు బేటా. తప్పు వేళ్లల్ల ఉంటది."

ఇంకో ఆచారం ఉండేది. ఏ మిషన్ మీద నేర్చుకుంటే ఆ మిషన్ మీదే పరీక్ష రాయాలి. పరీక్ష వికారాబాద్‌లో. మిషన్లను దుప్పట్లలో మూటగట్టుకుని ప్యాసింజరు బండిలో తీసుకుపోయేవాళ్లం. చూసినవాళ్లు ఎవరింట్లో పెళ్లి సామానో అనుకునేవారు.

నేను డెబ్బై మూడులో చేరాను. పేరు మనోరమ. మా నాన్న తాండూరు స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుని తింటున్నానని టైపుకు పంపాడు. ముందు చేరాను కాబట్టి ఒకటో నంబరు మిషన్ నాకు దొరికింది. మెత్తటి మిషన్, వేలు ఆనితే చాలు అక్షరం పడేది. మూడో నంబరు మాత్రం ఎవరికీ వద్దు. దానికి ఎ, పి, డబ్ల్యూ కీలు బిరుసు. ఎ, పి చిటికెన వేళ్లవి, డబ్ల్యూ ఉంగరపు వేలిది. అసలే బలం లేని వేళ్లు, వాటి కిందే ఆ మొండి కీలు. మెల్లగా కొడితే అక్షరం పడదు. గుద్ది, ఒక్క క్షణం ఆగి, తర్వాత అక్షరానికి పోవాలి. దాని మీద కూర్చున్నవాళ్లు వారం తిరక్కముందే మానేసేవారు.

ఆ మిషన్ జులేఖా పాలిట పడింది.

ఆమెది బషీరాబాద్. తండ్రి ముచ్చటపడి మెట్రిక్ దాకా చదివించి తాండూరుకు ఇచ్చాడు. మొగుడు ఇబ్రహీం వికారాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో అటెండరు. రోజూ ప్యాసింజరులో పోయి వచ్చేవాడు. డెబ్బై మూడు చివర్లో ఒకరోజు తాండూరు స్టేషన్లోనే బండి ఆగకముందే దిగబోయి పట్టాల మధ్య పడి చనిపోయాడు. ఆమెకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు, చంకలో ఒక ఆడపిల్ల. ఆఫీసువాళ్లు దయతలిచి ఒక మాట చెప్పారు. టైపిస్టు పోస్టు ఖాళీ ఉంది, ఆమె మెట్రిక్ పాసే కాబట్టి టైపులో లోయర్ పరీక్ష పాసైతే ఆ పోస్టు ఆమెకు. రెండేళ్ల గడువు. డెబ్బై అయిదు నవంబరు పరీక్ష ఆఖరు. అది దాటితే పేరు కొట్టేసి పోస్టు బయటివాళ్లకు ఇస్తారు.

అత్త మహబూబ్‌బీ ఇల్లు దాటనీయలేదు. మొగుడు పోయినామె గడప దాటకూడని ఇద్దత్ రోజులు గడిచి, ఆ పైన బతిమాలడాలూ ఏడుపులూ గడిచి, ఆమె ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కేసరికి డెబ్బై నాలుగు మే వచ్చింది.

"ఎన్ని దినాల్ల వస్తది సార్?" అని నిలబడే అడిగింది.

"ఏడాదిన్నర కష్టపడాలె బేటీ."

"నా తాన ఉన్నది గంతే సార్. ఒక్క దినం ఎక్కువ లేదు."

పొద్దున ఆరు గంటల బ్యాచ్‌లో మూడో నంబరు ఒక్కటే ఖాళీ. నాతో మార్చుకోమని సార్ అడిగి ఉంటే మార్చుకునేదాన్నా? మార్చుకునేదాన్ని కాదు. అడగలేదు కాబట్టి ఆ పాపం మాత్రం నా మీద లేదు.

మొదటి నెల ఆమె కాగితం మీద ఎ ఉండవలసిన చోటల్లా ఖాళీలే. ఎలుక కొరికిన కాగితంలా ఉండేది. చిటికెన వేళ్లు వాచి, ఇంటికి పోయి ఉప్పు నీళ్లలో ముంచుకునేదట. రిపేరు చేసే మనిషి హైదరాబాద్ నుంచి మూడు నెలలకో ఆరు నెలలకో వచ్చేవాడు, వచ్చినా సార్ ఆ మిషన్ చూపించేవాడు కాదు. మిషన్‌లో తప్పు ఉండదని పదేపదే అన్న మనిషి మిషన్‌కు వైద్యం ఎట్లా చేయిస్తాడు? అందుకని వేళ్లకు వైద్యం మొదలుపెట్టాడు. ఎ, పి, డబ్ల్యూ మూడూ ఉన్న మాటలు ఏరి రోజుకు ఆరేడు ఇచ్చేవాడు. ఒక్కో మాట వందసార్లు కొట్టాలి.

అట్లాంటి మాటలు చెట్టుకు కాయవు. ఒక అక్షరం ఉంటే ఇంకొకటి ఉండదు. మత్తయ్య అని రిటైరైన బడిపంతులు దగ్గర ఒక పాత డిక్షనరీ ఉండేది. దాని చివరి పేజీలు చెదలు తిన్నాయి, డబ్ల్యూతో మొదలయ్యే మాటలన్నీ చెదల పొట్టలోకి పోయాయి. అందుకని మొదటి పేజీ నుంచి ఒక్కో మాటా వేలు పెట్టి చదువుకుంటూ, మధ్యలో డబ్ల్యూ ఉన్నదాన్ని పట్టుకోవాలి. మొహియుద్దీన్ సార్ శుక్రవారం నమాజ్ కాగానే మత్తయ్య ఇంటి అరుగు మీద చేరి పొద్దుగూకే దాకా అదే పని. ఆఫీసు పోగొట్టుకున్న చేతిరాతతో ఆ మాటలు రాసుకొచ్చేవాడు. ఆ కాగితాలు నిజంగానే అందంగా ఉండేవి.

ఇంతలో జులేఖా ఇంకో తిరకాసు పెట్టింది.

"దీనికి అర్థమేంది సార్?"

"అర్థంతోటి నీకేం పని? టైపిస్టు అర్థం చూస్తే స్పీడ్ పోతది."

"అర్థం తెల్వని మాట వేలుకు యాదుండదు సార్. పేరు తెల్వని మనిషికి సలాం చేసినట్టుంటది."

సార్ ముఖం కాస్త ఎర్రబడింది. ఆయనకు వేల మాటల అక్షరాలు వరసగా తెలుసు, అర్థాలు చాలావాటికి తెలియవు. ఆ సంగతి మాకు ఆ రోజే బయటపడింది. ఇంకెవరైనా అడిగితే గదమాయించేవాడే. ఆమె కోసం మాత్రం మర్నాటి నుంచి మాట పక్కన అర్థం కూడా రాసుకొచ్చాడు.

పా అంటే పిల్లి పంజా. స్వాంప్ అంటే బురద నేల. పాన్ అంటే తాకట్టు. స్పాన్ అంటే చేప గుడ్లు. పాత్‌వే అంటే కాలిబాట. ప్రాన్ అంటే రొయ్య అని రాసుకొచ్చిన రోజు గదంతా నవ్వులే.

"తాండూరుల రొయ్యను ఎవరు జూసిన్రు సార్? మీరు జూసిన్రా?" అన్నది జులేఖా.

"నేనెక్కడ జూస్త? మత్తయ్య సార్ జూసిండట, బందరుల."

"ఎట్లుంటదట?"

"మీసాలుంటయట."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. విధవరాలు అట్లా నవ్విందని ఆ పప్పుల దుకాణం మనిషి మహబూబ్‌బీకి మోసి, ఆ రాత్రి వాళ్లింట్లో పెద్ద రభస. మన ఊళ్లలో ఇట్లాంటి మోతలకు కూలి అడగరు.

తర్వాత ఆమే వెతకడం మొదలుపెట్టింది. పురుగుమందు డబ్బాలు, టానిక్ సీసాలు, ఎరువుల సంచులు, స్టేషన్‌లో హెచ్చరిక బోర్డులు, గూడ్స్ బండి డబ్బాల మీద తెల్ల రంగు రాతలు, ఏవీ వదిలేది కాదు. పిల్లను ఎత్తుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడి బండి పోతుంటే ఒక్కో డబ్బా చదివేది. మొగుడు పడిపోయిన పట్టాల పక్కనే. "నీకు భయం గాదా అక్కా?" అని ఒకసారి అడిగాను. "భయపడుకుంట కూసుంటే పి ఎక్కడ దొరుకుతది మనోరమా?" అన్నది. ఆమె నోటుబుక్కులో రెండు వరసలు, ఎడమ వైపు మాట, కుడి వైపు అర్థం. డెబ్బై అయిదు ఎండాకాలం నాటికి మూడు అక్షరాలూ ఉన్నవి, రెండే ఉన్నవి, అన్నీ కలిపి నాలుగు వందల పైన మాటలు. నా అర్థాల కన్నా ఆమె అర్థాలే ఎక్కువ. నేను ఇంటర్ దాకా చదివినదాన్ని.

వేళ్లు కూడా మాట విన్నాయి. ఆగస్టు వచ్చేసరికి ఖాళీలు లేవు. కళ్లు మూసుకున్నా ఆమె మిషన్ చప్పుడు వేరుగా వినపడేది. టకటక అని పోతూ పోతూ, ఎ వచ్చినప్పుడు ఠప్ అని ఒక గుద్దు, చిన్న ఆగుడు, మళ్లీ టకటక. రోకటి పోటులా లెక్క తప్పకుండా ఉండేది. దసరాకు ముందు సార్ గడియారం పట్టుకుని చూశాడు. నిమిషానికి ముప్పై అయిదు. పరీక్షకు కావలసింది ముప్పై. తప్పులు సున్నా. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనకు ఆ మనిషి మీద అంత అభిమానం. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం నాకు సులువయ్యేది.

నవంబరులో పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం మిషన్లు మూటగట్టుకుని ప్యాసింజరు ఎక్కాం. జులేఖా మాతో రాలేదు. పిల్లకు జ్వరం, పొద్దున మొదటి బండికి వస్తానన్నది. వికారాబాద్‌లో పరీక్ష జరిగే బడి వరండాలో హైదరాబాద్ నుంచి వచ్చిన మెకానిక్ నర్సప్ప కూర్చుని ఉన్నాడు. పరీక్ష ముందు రోజు అన్ని ఊళ్ల మిషన్లకూ కాస్త నూనె చుక్కలు వేసి, మరలు బిగించి ఇవ్వడం అతని పని. మూడో నంబరు వంతు వచ్చింది. అతను ఎ మీద వేలు పెట్టి నొక్కి చూశాడు. తర్వాత పి, డబ్ల్యూ.

"ఏంది ఉస్తాద్, గిది మిషనా, రాతి బండనా? దీని మీద ఎవలు నేర్చిన్రు?"

"ఒక ఆడమనిషి. ముప్పై అయిదు కొడ్తది," అన్నాడు సార్ గర్వంగా.

"దీని మీద ముప్పై అయిదా! జర బాగు చేస్తే యాభై కొడ్తది గదా."

ఆ మాట సార్ తలకెక్కింది. నేను పక్కనే ఉన్నాను, ఆయన ముఖం వెలగడం చూశాను. ఏడాదిన్నర ఆ మనిషితో రాళ్లు మోయించాను, రేపు ఒక్కరోజన్నా ఉత్త చేతులతో నడవనీ అనుకుని ఉంటాడు. నర్సప్ప స్ప్రింగులు మార్చాడు, తుప్పు గీకాడు, నూనె పోశాడు. సాయంత్రానికి మూడు కీలూ వెన్నలో వేలు దిగినట్టు దిగుతున్నాయి. సార్ స్వయంగా కొట్టి చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు.

"మనోరమా, చెప్పకు. కుర్చీల కూసున్నంక తెలుస్తది. ఖుషీ అయితది," అన్నాడు.

మిషన్ మారితే చెయ్యి మారినట్టేనని మాకు వందసార్లు చెప్పిన మనిషి ఈయనే. నాకు కూడా తోచలేదు. నిజం చెప్పాలంటే, నా ఒకటో నంబరు కన్నా జులేఖా మిషన్ మెత్తగా అయిందే అని కొంచెం కుళ్లుకున్నాను కూడా.

పొద్దున బండి ఆలస్యమైంది. జులేఖా పరుగున వచ్చి, సార్‌కు సలాం చేసి, నా వెనక కుర్చీలో కూర్చుంది. అంతలోనే గంట కొట్టారు. స్పీడ్ పేపరు, పది నిమిషాలు. నేను నా కాగితం మీద కళ్లు పెట్టి మొదలుపెట్టాను. వెనక నుంచి టకటక అని వచ్చింది, ఆ తర్వాత ఠప్, ఆ వెంటనే ఇంకో ఠప్. మెత్తటి కీని ఆమె వేలు బండను కొట్టినట్టు కొట్టింది, అక్షరం రెండుసార్లు పడింది. అలవాటు చొప్పున ఆగవలసినంత సేపు ఆగింది, ఆ ఆగుడుకు మిషన్ పరుగు తప్పింది. పక్క అక్షరం కడ్డీ వచ్చి దీనికి చిక్కుకుంది. చిక్కుకున్న కడ్డీలను వేళ్లతో విడదీసే చప్పుడు నాకు వినపడింది. మళ్లీ టకటక, మళ్లీ ఠప్ ఠప్, మళ్లీ చిక్కు. పది నిమిషాల్లో ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. నా పేపరు నేను కొట్టుకున్నాను.

బయటికి వచ్చాక ఆమె పది వేళ్లకూ నల్లటి రిబ్బను మరక.

"నా వేళ్లు నా మాట ఇనలేదు సార్. ఎ ఉన్న కాడల్లా రెండు రెండు పడ్డయి. ఏమైందో ఏమో సార్."

సార్ నా వైపు చూశాడు. ఆయనకు అప్పుడే అర్థమైపోయింది. నాకూ అయింది. ఆ క్షణంలో ఆయన చెబుతాడని నేను, నేను నోరు జారుతానేమోనని ఆయన ఎదురుచూశాం. ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. తిరుగు బండిలో ఆమె కిటికీ పక్కన కూర్చుని తన చేతులను తిప్పి తిప్పి చూసుకుంది.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. నేను పాస్. ఆమె ఫెయిల్.

అప్పటికీ ఒక దారి మిగిలింది. ఆఫీసుకు పోయి బతిమాలుదామని సార్ బయలుదేరాడు, ఆడతోడు కావాలని జులేఖా నన్ను కూడా రమ్మన్నది. ఆ ఆఫీసరు చెడ్డవాడు కాదు. కాగితాలు చూసి, మమ్మల్ని ముగ్గురినీ చూసి నెమ్మదిగా అడిగాడు.

"ఫెయిలవడానికి ఏమన్న కారణం ఉన్నదా? ఒంట్ల బాగలేకనో, మిషన్ ఖరాబైతేనో? గట్లేమన్న ఉంటే మాస్టరు రాసియ్యండి. పైకి పంపుత, ఇంకొక్కసారి గడువు ఇప్పిస్త."

దేవుడు ఇంతకన్నా తెరిచి పెట్టడు తలుపు. మాస్టరు రాసివ్వాలి, అంతే, నాలుగు లైన్లు. పరీక్ష ముందు రోజు చెప్పకుండా మిషన్ మార్పించాను, తప్పు నాది అని. అది రాస్తే ఊళ్లో ఇన్‌స్టిట్యూట్ పరువేం కావాలి? రేపు పిల్లలను ఎవరు పంపుతారు? ఇదంతా సార్ నుదుటి మీద చెమటలా కనపడింది. నేను గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను.

సార్ కన్నా ముందు జులేఖాయే మాట్లాడింది. "మిషన్‌ది ఏం లేదు సార్. తప్పు నా వేళ్లదే."

ఆయన నేర్పిన పాఠమే అది. ఆఫీసరు సార్ వైపు తిరిగి, "ఏం కారణం లేదా మాస్టరు సాబ్?" అని రెండోసారి అడిగాడు.

"లేదు సాబ్," అన్నాడు మొహియుద్దీన్ సార్.

పేరు కొట్టేశారు. పోస్టు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజీకి పోయింది. డెబ్బై ఆరు జూన్‌లో అక్కడి నుంచి నాకు కార్డు వచ్చింది. చూస్తే ఆ ఆఫీసే, ఆ పోస్టే. చూసి కూడా పోయాను. మా నాన్న లడ్డూలు పంచాడు. జులేఖా మా ఇంటికి వచ్చి, "మంచిగైంది మనోరమా, బయటోళ్లకు పోకుంట నీకొచ్చింది," అన్నది. ఆ మాట అనకుండా నాలుగు తిట్టి పోయినా బాగుండేది. ఆమెకు నిజం చెబితే ఇక ఆ కుర్చీలో ఎట్లా కూర్చోను? అంతకు ముందు సార్ కోసం దాచాను, ఆ రోజు నుంచి నా కోసం దాచాను.

సార్ ఆమెను మళ్లీ రమ్మని రెండుసార్లు పిలిచాడు. ఫీజు వద్దు, ఇంకోసారి రాయి, ఈ ఆఫీసు కాకపోతే ఇంకోటి అన్నాడు. "ఈ చేతులకు రాదు సార్, ఉత్తగ మీకు తక్లీఫ్," అని ఆమె రాలేదు. అప్పుడన్నా చెప్పవలసింది. చెప్పలేదు. ఇంట్లో మహబూబ్‌బీ ఏ గిన్నె జారినా, ఏ రొట్టె మాడినా "పనికిరాని చేతులు" అనేది. జులేఖా ఎదురు చెప్పేది కాదట. నిజమేననుకునేది.

తర్వాత బండల మిల్లులో పనికి కుదిరింది. తాండూరు బండ కోసేటప్పుడూ అంచులు నునుపు చేసేటప్పుడూ లేచే దుమ్ము పిండిలా ఉంటుంది. ఆ దుమ్ము ఊడ్చి తట్టలకెత్తడం ఆమె పని. ముక్కుకు కొంగు తప్ప వేరే ఏమీ లేదు. నాలుగేళ్లకు దగ్గు, ఆరేళ్లకు ఆయాసం. ఎనభై నాలుగులో అనంతగిరి గుట్ట మీది ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో చేర్చారు.

ఒక శనివారం మొహియుద్దీన్ సార్ నా ఆఫీసుకు వచ్చాడు. డెబ్బై దాటాడు. జులేఖా అనంతగిరిలో ఉన్నదని, రేపు పోదామని చెప్పాడు.

"చెప్త మనోరమా. ఇగ నాతోని గాదు."

"ఇప్పుడు చెప్పి ఏం లాభం సార్? అసలే బాగలేని మనిషి," అన్నాను. ఆమె మీద జాలితో అన్నట్టే అన్నాను. జాలి కాదు, భయం.

"లాభానికి గాదు," అన్నాడు.

ఆదివారం పొద్దున బస్సులో గుట్టెక్కాం. వార్డులో ఆమెను గుర్తుపట్టడానికి నాకు కొంత సేపు పట్టింది. ముప్పై అయిదేళ్ల మనిషి యాభైకి పైబడినట్టు ఉంది. మమ్మల్ని చూసి లేవబోయింది. సలాం చేసి, ఇన్‌స్టిట్యూట్ ఎట్లా నడుస్తున్నదని అడిగింది, నా పిల్లలు ఎంతమందని అడిగింది. సార్ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తల ఎత్తకుండా, మొత్తం చెప్పాడు. నర్సప్ప సంగతి, స్ప్రింగుల సంగతి, ఆఫీసరు రెండుసార్లు అడిగిన సంగతి. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. అది మాత్రం ఆయనకు ఒప్పుకోవాలి.

ఆమెకు దగ్గు వచ్చి పోయింది.

"మూడు కీలా సార్?"

"మూడూ."

"మెత్తగ దిగుతున్నట్టే అనిపించింది. నా భయమనుకున్న." ఇంకాసేపటికి, "అయితే నా వేళ్లు..."

"నీ వేళ్లు మంచియే బేటీ. నా తాన అసుంటి వేళ్లు మల్ల రాలే."

ఆ మాటతో ఆమె శాంతిస్తుందని ఆయన అనుకుని ఉంటాడు. ఆమె దుప్పటి మీద రెండు చేతులూ పెట్టుకుని వాటినే చూసింది. గోళ్ల చుట్టూ చర్మం పగిలి, తెల్లటి దుమ్ము ఇంకా పగుళ్లలో ఉంది.

"ఎనభైల మా మిల్లు సేటు ఆఫీసు గది కట్టిండు సార్. టైపు మిషన్ తెచ్చిండు. నువ్వు టైపు నేర్చినవట గదా జులేఖా, నీడ పట్టున కూసుంటవా, కాగితాలు కొడ్తవా అని అడిగిండు. ఒక్కపారి గాదు, మూడు దినాలు అడిగిండు." ఊపిరి అందక ఆగింది. "నాకు రాదన్న సార్. నా చేతులు పనికిరావన్న. షీపురు పట్టుకొని మల్ల దుమ్ముల పడ్డ."

సార్ రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. తెల్లగడ్డం తడిసిపోయింది. వార్డులో పక్క మంచాలవాళ్లు తిరిగి చూశారు. జులేఖా ఆయనను ఓదార్చలేదు. ఓదార్చాలని రూలేమీ లేదు. ఆమె నా వైపు తిరిగింది.

"నీకు తెల్సా మనోరమా?"

లేదని చెబుదామనుకున్నాను. నోటి దాకా వచ్చింది.

"తెల్సు అక్కా."

"ఎన్నటి సంది?"

"మొదటి సంది."

ఆమె తిట్టలేదు, ఏడవలేదు. నేను కట్టుకున్న చీరను, చేతి గడియారాన్ని, భుజానికున్న సంచిని ఒక్కొక్కటే చూసింది. "ఇద్దరు పోండ్రి," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

పదహారో రోజున పోయింది. కబురు పట్టుకుని మనిషి మా ఆఫీసుకు వచ్చేసరికి నేను ఆ కుర్చీలో కూర్చుని ఏదో ఆర్డరు కొడుతున్నాను. కాగితం పూర్తిచేసి అప్పుడు లేచాను.